నడుం నొప్పికి ఏది మందు?

పొద్దు గూకింది. ధాన్యం లారీ వెళ్లిపోయింది. ముఠా కూలీలు తుండుగుడ్డలు దులుపుకొని ఇళ్లకు పోతున్నారు. ఒకతను మాత్రం గోడ పట్టుకొని నడుస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తే నడుములో కత్తితో పొడిచినట్టు ఉంది.

ఇరవై ఏళ్లుగా అతను బస్తాలు మోస్తున్నాడు. నాలుగేళ్లుగా నడుం నొప్పి వస్తూ పోతూ ఉంది. కోతల కాలం వస్తే మరీ ఎక్కువ.

మునుపు అతను రోజూ తాగేవాడు. ఉగాదికి మానేశాడు. ఇప్పుడు కార్తీకం. ఏడు నెలలు నిండాయి. ఇల్లు కాస్త తేరుకుంది. పిల్లవాడి ఫీజు కట్టారు. తాకట్టులో ఉన్న కమ్మలు ఇంటికి వచ్చాయి.

ఆ సాయంత్రం అతను మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకున్నాడు. భార్యను పిలిచాడు.

“ఒక్క క్వార్టరు పడితే ఈ నొప్పి పోద్దే. తాగుడు కోసం కాదు. మందు లాగానే.”

పక్కింటి పెద్దత్త అక్కడే ఉంది. “పోనీలే అమ్మాయ్, నొప్పికే కదా. మీ మామయ్య కూడా అట్నే తాగేవాడు” అంది.

ఆమె కొంగున 150 రూపాయలు ముడి వేసి ఉన్నాయి. ఆమె చెయ్యి ఆ ముడి మీదే ఉంది. తాగొద్దు అని చెప్పడం ఆమెకు తెలుసు. కానీ నొప్పికి ఏం చెప్పాలి? అది ఆమెకు తెలియదు.

ఇలాంటి ఇల్లు ఏ ఊళ్లోనైనా ఉంటుంది. పేర్లు వేరు. నొప్పి ఒకటే. ఆ సాయంత్రం ఒకటే.

మన మాటల్లో ఒక చిత్రం ఉంది. జ్వరానికి వేసుకునే బిళ్లను మందు అంటాం. సీసాలో ఉండే సారాను కూడా మందు అంటాం. రెండింటికీ ఒకటే పేరు. పని మాత్రం ఒకటి కాదు. నడుం నొప్పికి ఏది మందు? ఏది మందు కాదు? తెలుసుకుందాం.

నడుము ఎందుకు నొప్పి పెడుతుంది?

మన వీపు మధ్యలో వెన్నెముక ఉంది. అది ఒకటే పొడుగాటి ఎముక కాదు. చిన్న చిన్న పూసల దండ. పుట్టినప్పుడు 33 పూసలు ఉంటాయి. అడుగున ఉన్న 9 పూసలు పెద్దయ్యేసరికి అతుక్కుపోతాయి. మిగిలిన 24 కదులుతూ ఉంటాయి. అందుకే మనం వంగగలం, లేవగలం, పక్కకు తిరగగలం. నడుము దగ్గర 5 పెద్ద పూసలు ఉన్నాయి. ఒంటి బరువు, మోసే బరువు ఎక్కువగా వాటి మీదే పడతాయి.

పూసకూ పూసకూ మధ్య మెత్తటి దిండు ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు. పూర్ణం బూరె చూశారు కదా. పైన గట్టి తోపు, లోపల మెత్తటి పూర్ణం. డిస్కు కూడా అలాగే ఉంటుంది. బరువు ఎక్కువై తోపు చిట్లితే లోపలి మెత్తటి భాగం బయటికి ఉబుకుతుంది. పక్కనే ఉన్న నరాన్ని నొక్కుతుంది. అప్పుడు నొప్పి నడుము నుంచి పిరుదు మీదుగా కాలిలోకి దిగుతుంది. కాలు తిమ్మిరెక్కుతుంది.

అయితే అందరికీ డిస్కు జారదు. నడుం నొప్పి వచ్చిన 10 మందిలో దాదాపు 9 మందికి ఫలానా ఎముకలో దోషం అని చూపించలేం. కండరాలు అలసిపోతాయి, బెణుకుతాయి, బిగుసుకుపోతాయి. అదే నొప్పి.

మామూలు నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. 3 నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలపు నొప్పి అంటారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దొంగ పారిపోయిన తర్వాత కూడా కుక్క మొరుగుతూనే ఉంటుంది. దీర్ఘకాలపు నొప్పి కూడా అలాంటిదే. దెబ్బ మానినా నరాలు మొరుగుతూనే ఉంటాయి. నొప్పి నిజమే. అది నాటకం కాదు. కానీ నొప్పి పెట్టిన ప్రతిసారీ లోపల ఏదో విరిగిపోతోందని భయపడనక్కర లేదు.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. 2020లో ప్రపంచంలో సుమారు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది.

తాగితే నొప్పి పోతుందా?

“తాగితే నొప్పి తగ్గుతుంది” అని చాలామంది అంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే ఆ మాట ప్రమాదం.

నొప్పి కబురు నరాల వెంట మెదడుకు చేరుతుంది. సారా మెదడును మత్తులో ముంచుతుంది. కబురు వస్తుంది. వినేవాడు నిద్రపోతున్నాడు. అంతే. నడుము బాగుపడలేదు. కొన్ని గంటల్లో మత్తు దిగుతుంది. నొప్పి మళ్లీ లేస్తుంది.

తర్వాత ఏం జరుగుతుంది? ఒళ్లు ఆ మత్తుకు అలవాటు పడుతుంది. నిన్న సగం సీసా చాలింది. రేపు సీసా కావాలి. మత్తు దిగే వేళ నరాలు మామూలు కంటే ఎక్కువ చురుగ్గా ఉంటాయి. అప్పుడు చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. ఆ నొప్పికి మళ్లీ తాగాలి. ఇది గానుగెద్దు నడక. ఎంత తిరిగినా అక్కడే.

తాగుడు నిద్రను కూడా పాడుచేస్తుంది. తాగినవాడు గబుక్కున నిద్రపోతాడు. కానీ సగం రాత్రికే మెలకువ వస్తుంది. నిద్ర చాలని ఒంటికి నొప్పి ఎక్కువ. ఏళ్ల తరబడి తాగితే కాళ్ల నరాలు చెడిపోతాయి. అరికాళ్లు మండుతాయి. ఎముకలు పలచబడతాయి. మత్తులో బరువు ఎత్తితే, తూలి పడితే నడుముకు కొత్త దెబ్బ తగులుతుంది.

నడుం నొప్పికి తాగడం కొరివితో తల గోక్కోవడమే.

డబ్బు లెక్క కూడా వేద్దాం. పలక తీసుకోండి. రోజుకు 150 రూపాయలు తాగుడుకు పోతుంది అనుకుందాం. నెలకు 30 రోజులు. 150 ని 30 తో గుణిస్తే 4,500 రూపాయలు. ఏడాదికి 365 రోజులు. 150 ని 365 తో గుణిస్తే 54,750 రూపాయలు. మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి.

మానేటప్పుడు జాగ్రత్త

రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం రావచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఆపిన కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపల చేతులు వణుకుతాయి. చెమటలు పోస్తాయి. వాంతులు, కంగారు ఉంటాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనిపిస్తాయి. ఎక్కడ ఉన్నారో తెలియదు. ఇది దయ్యం కాదు, గాలి కాదు. వైద్యం చెయ్యకపోతే ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

కల్తీ కల్లు తాగేవాళ్లకూ ఇదే ప్రమాదం. కల్తీ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు దొరకకపోయేసరికి చాలామంది వణుకుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల్లో చేరారు.

కాబట్టి బాగా అలవాటు పడినవాళ్లు డాక్టరు సాయంతో మానాలి. వణుకు రాకుండా, మూర్ఛ రాకుండా డాక్టరు కొద్ది రోజులు మందులు ఇస్తారు.

మరో మాట. “తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి, తాగుడు మాన్పిస్తాం” అని గోడల మీద రాస్తారు. అలాంటి పొడి కొని కలపవద్దు. కొన్ని మందులు ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు వస్తాయి. బి.పి. పడిపోతుంది. మనిషి చనిపోవచ్చు కూడా. మందు ఏదైనా అతనికి తెలిసి, డాక్టరు చెప్పి వేసుకోవాలి.

మానిన మొదటి వారాల్లో ఒళ్లు నొప్పులు, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఉంటాయి. “తాగినప్పుడే బాగుంది” అనిపిస్తుంది. ఇది కొంత కాలమే. ఆ వారాలు దాటించడమే ముఖ్యం.

మత్తు లేకుండా నొప్పిని ఎలా పట్టాలి?

1. మంచం పట్టవద్దు.

నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. అంతకు మించి పడుకుంటే కండరాలు బలం కోల్పోతాయి. నొప్పి ముదురుతుంది. లేచి మెల్లగా నడవాలి. మొదటి రోజు ఇంటి ముందు. తర్వాత వీధి చివరి దాకా. ఆ తర్వాత చెరువు గట్టు దాకా. రోజూ కొంచెం పెంచాలి.

2. కాపడం పెట్టాలి.

రాళ్ల ఉప్పు పెనం మీద వేడి చెయ్యాలి. మందపాటి గుడ్డలో మూట కట్టాలి. ముందు మీ చేతి మీద పెట్టి చూడండి. చురుక్కుమనకూడదు. తర్వాత నడుము మీద 15, 20 నిమిషాలు పెట్టండి. వేడినీళ్ల గుడ్డ అయినా సరే. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. షుగరు ఉన్నవాళ్లకు, తిమ్మిరి ఉన్నవాళ్లకు వేడి సరిగా తెలియదు. వాళ్లకు గోరువెచ్చగానే పెట్టాలి.

3. రోజూ కొంచెం వ్యాయామం చెయ్యాలి.

చాప మీద వెల్లకిలా పడుకోవాలి. మోకాళ్లు మడవాలి. ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకొని పొట్ట వైపు లాగాలి. 5 అంకెలు లెక్కపెట్టి వదలాలి. తర్వాత రెండో కాలు.

అలాగే పడుకొని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించాలి. నడుమును మెల్లగా పైకి ఎత్తాలి. 5 అంకెలు లెక్కపెట్టి దించాలి.

తర్వాత చేతులు, మోకాళ్లు నేల మీద పెట్టి ఆవులా నిలబడాలి. వీపును పిల్లిలా పైకి వంచాలి. మళ్లీ మెల్లగా కిందికి దించాలి.

ఒక్కొక్కటి 10 సార్లు చాలు. ఊపిరి బిగబట్టకూడదు. కొంచెం లాగినట్టు ఉంటే ఫరవాలేదు. నొప్పి కాలిలోకి దిగితే ఆపాలి. ఆసుపత్రిలో అడగాలి. ఫలితం ఒక్క రోజులో రాదు. విత్తనం వేసిన మర్నాడే మొలక కోసం తవ్వి చూడం కదా. కనీసం 6 వారాలు చెయ్యాలి.

4. ఎత్తే తీరు మార్చాలి.

బరువు ఎత్తేటప్పుడు నడుము వంచవద్దు. మోకాళ్లు వంచాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. బరువుతో ఉన్నప్పుడు నడుము మెలి తిప్పకూడదు. పాదాలతోనే తిరగాలి. పెద్ద బస్తాను ఇద్దరు పట్టి లేపాలి.

మోసే తీరు ఒక్కటే కాదు, బరువు కూడా చూడాలి. ఒక మగ కూలీ మోసే బరువు 55 కిలోలు దాటకూడదని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసింది. మన ధాన్యం బస్తా చాలాచోట్ల 75 కిలోలు. అంటే 20 కిలోలు ఎక్కువ. బస్తా బరువు బ్రహ్మ రాసిన రాత కాదు. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. అది ఎరువు వాడకం తగ్గించడానికి చేసిన పని. అయినా బస్తా బరువు మార్చవచ్చని తేలింది కదా. ముఠా వాళ్లు అందరూ కలిసి అడిగితే ధాన్యం బస్తా కూడా తగ్గవచ్చు.

5. పడుకునే తీరు మార్చాలి.

గుంటలు పడ్డ మంచం వద్దు. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య మడత పెట్టిన దుప్పటి పెట్టుకోవాలి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద పెట్టుకోవాలి. రోజూ ఒకే వేళకు పడుకోవాలి. బీడీ కూడా నడుముకు చేటే. బీడీ కాల్చేవాళ్లలో నడుం నొప్పి ఎక్కువ.

బిళ్లలు, సూదులు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు ఒక మాట దాచకూడదు. “ఇతను మునుపు తాగేవాడు. మానేశాడు” అని చెప్పాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. ఆ మాట వింటే డాక్టరు మందు చూసి రాస్తారు.

ఎందుకంటే కొన్ని నొప్పి మందులు కూడా మత్తు మందులే. ట్రమడాల్ అలాంటిది. 2018 నుంచి మన దేశంలో దాన్ని మత్తు పదార్థాల చట్టం కిందికి తెచ్చారు. నిద్ర బిళ్లలు కూడా అలవాటు పడే మందులే. ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకుంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఇవి వేసుకొని తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

మామూలు నొప్పి బిళ్లలతో కూడా జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి పరగడుపున వేసుకోకూడదు. కడుపులో పుండ్లు పడతాయి. ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. తాగేవాళ్లకు కడుపులో రక్తం పోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. పారాసిటమాల్ కూడా మోతాదు మించితే, తాగుడుతో కలిస్తే లివరును పాడుచేస్తుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేస్తారు. అందువల్ల వాటిలో కొంత మద్యం పుడుతుంది. తాగుడు మానిన మనిషి వాటిని అడగకుండా తాగకూడదు.

“ఒక్క సూదితో నొప్పి మాయం” అనే వాళ్లను నమ్మకండి. అది స్టెరాయిడ్ సూది కావచ్చు. మాటిమాటికీ పొడిపించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి గురించి సలహాలు ఇచ్చింది. వ్యాయామం మంచిదని చెప్పింది. నొప్పి గురించి తెలుసుకోవడం మంచిదని చెప్పింది. నల్లమందు జాతి నొప్పి మందులు వద్దంది. నడుముకు పట్టీ, బెల్టు మామూలుగా కట్టనక్కర లేదంది. కాబట్టి నడుముకు బెల్టూ వద్దు, ఊళ్లో బెల్టు షాపూ వద్దు.

సాయంత్రం ఆరు గంటలు

తాగుడు మానినవాళ్లకు పగలు గడుస్తుంది. సాయంత్రమే కష్టం. ఒళ్లు అలసి ఉంటుంది. కడుపు ఖాళీగా ఉంటుంది. చేతిలో కూలి డబ్బు ఉంటుంది. నడుము లాగుతుంది. దారిలో షాపు ఉంటుంది. తాగాలనే కోరిక అప్పుడు పుడుతుంది.

ఆ కోరిక సముద్రపు అల లాంటిది. లేస్తుంది, పెద్దదవుతుంది, తర్వాత విరిగిపోతుంది. చాలాసార్లు అరగంట ఓర్చుకుంటే చాలు, దాని జోరు తగ్గుతుంది. ఆ అరగంట ఎలా గడపాలి?

కడుపు ఖాళీగా ఉంచకూడదు. పని దిగగానే మజ్జిగో, రాగి జావో, ఇంత అన్నమో తీసుకోవాలి.

షాపు లేని దారిన రావాలి. రెండు వీధులు చుట్టు అయినా సరే.

కూలి డబ్బు ఇంటికి చేరే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఇది అతను ఒప్పుకొని చెయ్యాలి. లాక్కోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

నొప్పి లేచినప్పుడు చేసే పనులు ముందే రాసి గోడకు అంటించాలి. కాపడం. నడక. వ్యాయామం. డాక్టరు రాసిన బిళ్ల. ఒక మనిషితో మాట. నొప్పి వచ్చాక ఆలోచన సరిగా సాగదు. కాగితం చెబుతుంది.

మానిన ఇంకో మనిషితో స్నేహం చెయ్యాలి. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే సంఘం 1935లో అమెరికాలో పుట్టింది. తాగుడు మానినవాళ్లే ఒకరికొకరు తోడుగా కూర్చుంటారు. పేరు బయటపెట్టరు. ఫీజు లేదు. మన దగ్గర కూడా పట్టణాల్లో ఈ కూటాలు జరుగుతాయి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే తాగుడు మానడానికి సలహా ఇస్తారు. మనసు బాగా లేకపోతే 14416కి చెయ్యవచ్చు. రెండూ ఉచితం.

ఒక రోజు కాలు జారి తాగితే? ఏడు నెలల కష్టం బూడిద కాలేదు. సైకిలు నేర్చుకునేవాడు పడతాడు. లేచి మళ్లీ ఎక్కుతాడు. ఏ వేళ, ఏ నొప్పికి, ఎవరి మాటకు తాగాడో చూసుకోవాలి. మర్నాడే మళ్లీ మొదలు పెట్టాలి.

కానీ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. అతను తాగితే అది భార్య తప్పు కాదు. ఆమె తోడు ఉండగలదు. అతని బదులు మానలేదు. తాగి కొడితే ఓర్చుకోనక్కర లేదు. 181 మహిళల సాయం నంబరు.

మరి మన నడుము?

నాట్లు వేసేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? బిందెలు మోసేది ఎవరు? ఆడవాళ్లే. రోజంతా వంగిన నడుము ఇంటికి వచ్చి మళ్లీ పొయ్యి ముందు వంగుతుంది. మగవాడి నొప్పికి క్వార్టరు అడుగుతారు. ఆడదాని నొప్పిని అడిగేవారే ఉండరు.

కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు కూడా ఒళ్లు నొప్పులకు కల్లు తాగుతారు. పైన చెప్పినవన్నీ వాళ్లకూ వర్తిస్తాయి.

పొలంలో అప్పుడప్పుడు లేచి నిలబడండి. రెండు చేతులు నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగండి. చీపురుకు పొడుగు కర్ర కట్టండి. ఒక పెద్ద బిందె బదులు రెండు చిన్న బిందెలు తీసుకోండి. ఎప్పుడూ ఒకే చంకన మోయకండి. పొయ్యిని అరుగు మీదికి ఎత్తించండి. నీళ్లు మోయడం మగవాళ్లు కూడా నేర్చుకోవచ్చు.

ఇవి కనిపిస్తే ఆగవద్దు

కాలు బలం తగ్గి ఈడుస్తున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, ఒంటికి, రెంటికి పట్టు తప్పినా, కింద పడిన తర్వాత నొప్పి వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

నొప్పితో పాటు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే డాక్టరుకు చూపించాలి. వెన్నుపూసకు క్షయ రావచ్చు. మందులు పూర్తిగా వాడితే అది నయమవుతుంది.

షాపు మూయించాక

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణం మూయించారు. ఆ కథ అక్షరాస్యత తరగతుల్లో పాఠమైంది. చదివిన ఊళ్లు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ నిషేధం ఎత్తివేశారు.

షాపు కళ్లకు కనిపిస్తుంది. దాని ముందు కూర్చోవచ్చు, తాళం వేయించవచ్చు. నొప్పి కనిపించదు. దానికి తాళం లేదు. షాపు మూసినా నొప్పి ఉన్న మనిషి ఇంకో దారి వెతుక్కుంటాడు. అందుకే రెండు పనులూ చెయ్యాలి. షాపును మూయించాలి. నొప్పిని చూడాలి.

ఆ కార్తీకం సాయంత్రానికి మళ్లీ వద్దాం. అలాంటి ఇంటి ఇల్లాలికి ఈ సంగతులు తెలిస్తే ఏం చేస్తుంది? కొంగు ముడి విప్పదు. కసరదు కూడా. “నొప్పి నిజమే మావా. ఆ మందు మాత్రం వద్దు” అంటుంది. ముందు అన్నం పెడుతుంది. ఉప్పు మూట వేడి చేస్తుంది. కొడుకును పిలిచి నాన్నను వీధి చివరి దాకా నడిపించుకు రమ్మంటుంది. మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి పోతారు. కొంగున ఉన్న 150 రూపాయల్లో బస్సు చార్జీ పోను మిగిలింది డబ్బాలో వేస్తుంది.

నొప్పి ఆ రాత్రే పోదు. కొంత ఉంటుంది. కొన్నాళ్లు ఉంటుంది. కానీ తెల్లారేసరికి అతను తాగని రోజుల్లో ఇంకొకటి చేరుతుంది.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో నడుం నొప్పికి ఎవరెవరు ఏం చేస్తున్నారు?

2. “నొప్పికే కదా, ఒక్క చుక్క” అని ఎవరైనా అంటే మీరు ఏం చెబుతారు?

3. మీ ఊళ్లో మోసే బస్తా ఎన్ని కిలోలు? అడిగి రాయండి.

4. నొప్పి లేచినప్పుడు చేసే అయిదు పనులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.